ఎప్పుడూ సాయంత్రంగా ఉండే చోటు

ఆసుపత్రిలో అందరూ ఆయన్ని కళ్ళాయన అనేవారు. అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఇంకెక్కడా వినపడేది కాదు, ఆయనా ఎవరికీ గుర్తుచేసేవాడు కాదు. జబ్బు చేసో దెబ్బ తగిలో కన్ను తీసేయాల్సి వచ్చినవాళ్ళకి ఆ ఖాళీలో అమర్చుకునే పెట్టుడు కన్ను తయారుచేయడం ఆయన పని. మిగిలిన కన్నుని ఎదురుగా కూర్చోబెట్టుకుని, చిటికెనవేలి గోరంత బిళ్ళ మీద అచ్చం అలాంటి నల్లగుడ్డునే రంగులతో వేసేవాడు. దాన్ని తెల్లటి గుల్లలో పొదిగి, ఎర్ర పట్టుదారాన్ని పోగులుగా చీల్చి నరాల్లా అతికించి, పైన గాజులాంటి పొర పోసి, ఉడికించి, మెరుగు పెట్టేవాడు. ఇంట్లోవాళ్ళు కూడా ఏది అసలుదో ఏది పెట్టుడుదో ఒక్క చూపులో చెప్పలేకపోయేవారు.

ఆ సోమవారం పొద్దున్నే వచ్చి చూస్తే ఆయన బల్ల గదిలో లేదు.

సామాన్ల గదికీ మెట్లకీ మధ్య నడవలో ఉంది. కుంచెలు గ్లాసులో అలాగే ఉన్నాయి, రంగు డబ్బాల వరస తప్పలేదు, నీళ్ళ గిన్నె కూడా తొణక్కుండా తెచ్చి పెట్టారు. అంత జాగ్రత్తగా మార్చారు కాబట్టి కోప్పడడానికీ వీల్లేకపోయింది.

డాక్టరమ్మ తనే వచ్చి చెప్పింది. మూడు నెలల కిందట కొన్న యంత్రం ఇన్నాళ్ళూ కింది అంతస్తులో ఉండేది, అక్కడ దుమ్ము ఎక్కువ. ఇకమీదట ఆయన గదిలోనే ఉంటుంది. బయటి వెలుతురు పడితే దాని రంగులు తేడా వస్తాయిట, అందుకని కిటికీకి నల్ల తెర వేయించింది.

"నాకూ అంతేనండి, వెలుతురు పడకపోతే," అన్నాడు కళ్ళాయన.

డాక్టరమ్మ విననట్టే, నడవలో ఇంకో దీపం పెట్టిస్తానని చెప్పి వెళ్ళిపోయింది.

ఆ యంత్రం నిలువెత్తు బీరువాలా ఉంటుంది. ఎదురుగా గడ్డం ఆనించి కూర్చుంటే ఉన్న కన్నుని ఫొటో తీసి, పావుగంటలో బిళ్ళ మీద అచ్చువేసి ఇస్తుంది. ఏం కావాలో మాటల్లో రాసి చూపిస్తే ఎప్పుడూ ఎవరూ చూడని బొమ్మలు కూడా వేస్తుంది. దాన్ని నడిపే మనిషికి నలభై ఏళ్ళుంటాయి. అంతకుముందు ఫొటో స్టూడియో నడిపేవాడు కాబట్టి చేరిన రోజే స్టూడియో అనే పేరు పడిపోయింది. కన్ను పోయి దిగాలుగా కూర్చున్న మనిషికి కూడా అలవాటు కొద్దీ "కొంచెం నవ్వండి" అనేవాడు. కళ్ళాయనకీ అతనికీ పోట్లాట లేదు, మాటలూ లేవు. యంత్రం వేసిన బిళ్ళలు పొదగడానికి కళ్ళాయన బల్ల మీదికే వచ్చేవి. పొదిగే ముందు ఆయన చూస్తూ ఊరుకోలేక కుంచె తీసి అక్కడో గీత, ఇక్కడో చుక్క వేసేవాడు. కన్నుతో పాటు ఇచ్చే చీటీ మీద, వేసింది ఎవరన్న చోట మాత్రం 'యంత్రం' అని ఉండేది. ఈ సంగతి స్టూడియోకి తెలుసు, డాక్టరమ్మకీ తెలుసు. ఎవరికి వాళ్ళు తెలియనట్టు ఉండిపోయారు.

ఆ రోజు పదకొండింటికి సైన్సు టీచరు వచ్చింది. అరవై దాటిన మనిషి, పొట్టిగా, చురుగ్గా ఉంటుంది. ఎడమ కన్ను తీసి ఆర్నెల్లయింది. వెంట ఆవిడ తమ్ముడు ఉన్నాడు. అక్క ఎక్కడ తడబడుతుందోనని ఆవిడ ఎడమ పక్కనే నడుస్తూ, తనే ప్రతి గుమ్మానికీ తట్టుకుంటున్నాడు. కంటి గుంటకి అచ్చు తీయడం పోయిన వారమే అయిపోయింది. ఇక రంగే మిగిలింది. అందరికీ చేసినట్టే చేస్తారనుకున్నారు. ఆవిడ కుర్చీలో సర్దుకుని, నాకు రెండు కళ్ళు కావాలి అంది.

"రెండోది చెక్కుచెదరకుండా ఉంది కదమ్మా," అంది డాక్టరమ్మ.

"అది కాదండి. ఈ ఖాళీకే రెండు. ఒకటి మామూలుది, నలుగురిలోకి వెళ్ళడానికి. రెండోది వేరే లోకానిది."

తమ్ముడు పైకప్పు కేసి చూశాడు. ఈ గొడవ ఇంటి దగ్గర ఇప్పటికే ఒక విడత అయిపోయిందని ఆ చూపులోనే తెలిసింది.

టీచరు తాపీగా చెప్పుకొచ్చింది. ముప్పై ఏళ్ళు పిల్లలకి గ్రహాల పాఠం చెప్పింది. ఎక్కడో చిన్న ఎర్రటి సూర్యుళ్ళు ఉన్నాయని, వాటిని అంటిపెట్టుకుని తిరిగే గ్రహాలు ఎప్పుడూ ఒకే ముఖం అటు పెట్టి ఉంటాయని చదివింది. ఒకవైపు ఎన్నటికీ మిట్టమధ్యాహ్నమే. ఇంకోవైపు ఎన్నటికీ చీకటే. రెండింటికీ మధ్య సన్నని పట్టీ ఒకటి ఉంటుంది, అక్కడ ఎప్పుడూ సాయంత్రమే. ఏదన్నా బతికితే ఆ పట్టీలోనే బతకాలి. చీకటి వైపునుంచి చూస్తే మధ్యలో నలుపు, చుట్టూ సాయంత్రం, ఆ బయట ఎండ.

"కంటిపాప, నల్లగుడ్డు, తెల్లగుడ్డు," అని వేలితో గాల్లో మూడు సున్నాలు చుట్టింది. "ఈ కన్ను ఎటూ ఇక్కడిది చూడదు. అక్కడిదన్నా చూస్తున్నట్టు ఉండనివ్వండి."

డాక్టరమ్మకి నవ్వొచ్చింది, కానీ నవ్వలేదు. కాసేపు ఆలోచించి పని పంచింది. ఉన్నదాన్ని చూసి దించడం యంత్రం చేస్తుంది కాబట్టి మామూలు కన్ను యంత్రానికి. లేనిదాన్ని ఊహించడం మనిషి పని కాబట్టి ఆ రెండోది కళ్ళాయనకి. గది మార్చిన దానికి ఇది పరిహారం అన్నట్టుగా ఆయనకేసి చూసింది. కళ్ళాయనకి నిజంగానే ప్రాణం లేచొచ్చినట్టయింది.

లోపలినుంచి స్టూడియో తల బయటికి పెట్టి, ఆ లోకం ముచ్చట మా దానికీ చెప్పి చూడొచ్చా అని అడిగాడు.

"ఎందుకు చెప్పకూడదు?" అంది టీచరు. "లోకాలు ఎన్నుంటే అంత మంచిది."

మంగళవారం పొద్దున యంత్రం వేసిన మామూలు కన్ను బిళ్ళ తయారైంది. మైనపు గుల్లలో పెట్టి అమర్చి చూస్తే, దీపం వెలుగులో తేడా ఏమీ లేదు. తమ్ముడు తెరిపినపడ్డాడు. స్టూడియో చిన్నగా ఊపిరి వదిలాడు. కళ్ళాయన మాత్రం ఆవిడని మెట్ల మలుపు దాకా రమ్మన్నాడు. అక్కడ ఉన్న పెద్ద కిటికీలోంచి తెల్లటి వెలుతురు పడుతోంది. ఆ వెలుతురులో ఒక కన్ను లోతుగా ఉంది, రెండోది చొక్కా బొత్తాంలా ఉంది.

డాక్టరమ్మ కూడా వచ్చి చూసింది. గొంతు తగ్గించి, ఎప్పటిలాగే కొంచెం సరిచేయండి అంది.

"సరిచేయడానికి ఏం లేదండి. మళ్ళీ వేయాలి," అన్నాడు. "కంటిపాప ఆవగింజంత ఉంది చూడండి. ఫొటోకి దీపం మొహం మీద వేస్తారు కదా, బెదిరి ముడుచుకుంది. ఈవిడ మనతో మాట్లాడేటప్పుడు అంత చిన్నది ఉండదు."

డాక్టరమ్మ టీచరు కుడి కన్నులోకి చూసింది. నిజమే. గడియారం చూసుకుని, సరే, మీకు తీరిక ఉన్నప్పుడు, అంది. తీరిక ఉన్నప్పుడు అంటే లోకం వేసే పని చెడకుండా అని.

అలా మొదలైంది. కళ్ళాయన మెట్ల మలుపులోకి ఒక ఎత్తు పీట, ఒక కుర్చీ తెచ్చుకున్నాడు. మోకాలి మీద చెక్క, చెక్క మీద బిళ్ళ. టీచరుని కిటికీకి కొంచెం పక్కగా కూర్చోబెట్టి, మాట్లాడుతూ ఉండమన్నాడు. ఏం మాట్లాడను అంది. ఏదో ఒక పాఠం చెప్పండి అన్నాడు. ఆవిడ అయస్కాంతం పాఠం మొదలుపెట్టింది. మొదట గోడకి చెప్పినట్టు చెప్పింది. కాసేపటికి ఆయన ఒక ప్రశ్న అడిగాడు, అది నిజంగానే ఆయనకి తెలియని విషయం. అప్పుడు ఆవిడ ముందుకి వంగింది, కంటిపాప మెల్లగా విచ్చుకుంది. అంతే, ఆ కొలత పట్టుకుని సన్నని కుంచెతో చుక్క పెట్టాడు. అట్టడుగున ముదురు గోధుమ, దాని మీద పారదర్శకంగా ఒక పొర, అది ఆరాక పసుపు కలిసిన పోచలు, మళ్ళీ పొర. కింది భాగంలో ఒకచోట నీళ్ళలో టీ ఆకు నానినట్టు చిన్న మరక ఉంది. ఆవిడకి ఆ మరక ఉన్నట్టే తెలియదు.

మెట్లెక్కేవాళ్ళు పక్కకి ఒత్తిగిలి వెళ్తున్నారు. ఎవరో నర్సు ఆగి, అయస్కాంతాన్ని రెండు ముక్కలు చేస్తే ఏమవుతుందో విని మరీ వెళ్ళింది. పన్నెండయ్యేసరికి టీచరు గొంతు బొంగురుపోయింది. కళ్ళాయనకి మాత్రం ఆ పని పనిలా అనిపించలేదు. అసలు పని మధ్యాహ్నం మొదలవుతుంది కదా అనుకున్నాడు.

మధ్యాహ్నం నడవలోని బల్ల ముందు కూర్చుని, కొత్త బిళ్ళ తీసుకుని, వేరే లోకం వేయబోయాడు. చెయ్యి కదల్లేదు. నారింజ రంగు కలిపాడు, అది ఇక్కడి సాయంత్రమే. ఊదా కలిపాడు, అదీ ఇక్కడిదే, వానకి ముందుది. ఎర్రటి సూర్యుడి వెలుగు చాలక అక్కడ ఆకులు నల్లగా ఉంటాయని టీచరు చెప్పింది కదా అని నల్లటి పోచలు వేశాడు. వేశాక చూసుకుంటే కిందటేడు వచ్చిన లారీ డ్రైవరు కన్ను. తుడిచేసి ఇంకోటి వేశాడు. అది పెళ్ళికి ముందు చేయించుకుని వెళ్ళిన ఒకమ్మాయిది. ఆయన చేతికి కళ్ళు తప్ప ఏమీ రావు. ఏ రంగు ముట్టుకున్నా ఎవరో ఒకరు లోపలినుంచి ఆయన్నే చూస్తున్నారు.

తుడవకుండా మిగిలిన మూడు బిళ్ళలు డబ్బాలో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్ళాడు. ఆయన భార్య ఇంట్లోనే బట్టలు కుడుతుంది. ఇంకా పొద్దు ఉండగానే వెళ్ళాడు కాబట్టి ఆవిడ వాకిట్లోకి కుట్టుమిషను లాక్కుని కూర్చుని ఉంది. ఆయన డబ్బా మూత తీసి, చూడు, ఇవి వేరే లోకానివి, అన్నాడు. ఆవిడ సూది ఆపి, కళ్ళజోడు పైకి నెట్టి, ఒక్కొక్కటే చూసింది.

"ఇది మీ పెద్దన్నయ్యగారు," అంది మొదటిదాన్ని. రెండోది ఎవరో గుర్తురావడం లేదు కానీ చూసిన మనిషే అంది. మూడోదాన్ని చాలాసేపు చూసి, "దీనికి రాత్రి నిద్ర సరిగా పట్టినట్టు లేదు," అంది.

ఆయన మూత మూసేశాడు.

"నన్నడిగితే నాకేం తెలుస్తుంది?" అంది ఆవిడ మెత్తగా. "నేను జాకెట్టు కుట్టినా ఎవరిదో ఒకరిది కొలత ఉండాలి. కొలత లేకుండా కుట్టమంటే నేనూ నా జాకెట్టే కుడతాను."

అది ఓదార్పో, వేళాకోళమో తేల్చుకోలేక ఆయన లోపలికి వెళ్ళి మొహం కడుక్కున్నాడు.

బుధవారం మధ్యాహ్నం స్టూడియో నడవలోకి వచ్చి నిలబడ్డాడు. రావడం అదే మొదటిసారి. యంత్రం నలభై బొమ్మలు వేసిందని, టీచరుగారు చూస్తున్నారని, మీరూ రండని అన్నాడు. రాననడానికి ఏ కారణమూ తోచక కళ్ళాయన లేచాడు.

నల్ల తెర వెనక ఆయన గది ఆయనదిలా లేదు. పెద్ద తెర మీద బొమ్మలు ఒకటి తర్వాత ఒకటి వస్తున్నాయి. అన్నీ ఉంగరాల్లా గుండ్రంగా ఉన్నాయి, మధ్యలో చీకటి. కొన్నిట్లో నెత్తుటి రంగు సముద్రాలు, కొన్నిట్లో ఊళ్ళలాంటివి, కొన్నిట్లో అద్దాల కొండలు. కళ్ళాయన ఒక్కోటీ చూస్తూ తప్పు వెతికాడు. కొన్నిటిలో దొరికింది కూడా. ఒకదాంట్లో నీడలు నాలుగు దిక్కులా పడ్డాయి, సూర్యుళ్ళు నలుగురున్నట్టు. అది చూపించినప్పుడు స్టూడియో చెవులు ఎర్రబడ్డాయి. కళ్ళాయనకి కొంచెం హాయి అనిపించింది, ఆ వెంటనే ఆ హాయికి సిగ్గూ వేసింది.

ఇరవై ఎనిమిదోది వచ్చినప్పుడు టీచరు "ఆగండాగండి," అంది.

ముదురు రాగి రంగు నేల. దాని మీద నల్లటి పొదలు, బండలు. ప్రతి బండ వెనకనుంచీ సన్నటి తెల్లని గీత మధ్యలోని చీకటి వైపు సాగింది. వందల గీతలు, బండి చక్రం ఆకుల్లా.

"ఇవి నల్లగుడ్డులో ఉండే పోచలండి," అన్నాడు కళ్ళాయన. "ఎవరి కంట్లో అయినా ఇలాగే ఉంటాయి, బయటినుంచి లోపలికి."

"కావచ్చు. కానీ బండల వెనకే ఎందుకున్నాయి?" అంది టీచరు. కుర్చీ తెర దగ్గరికి జరుపుకుంది. "అక్కడ సూర్యుడు కదలడు కదా. అంటే నీడ కూడా కదలదు. ఈ బండ పుట్టిన దగ్గర్నుంచీ దాని వెనక ఎండన్నది పడలేదు. అక్కడ ఏముంటుంది? మంచు. ఇది మంచండీ. ప్రతి రాయి వెనకా ఒక మంచుగీత." "ముప్పై ఏళ్ళు ఆ పాఠం చెప్పాను. ఈ సంగతి నాకు ఎన్నడూ తట్టలేదు," అంది.

అందరూ స్టూడియో కేసి చూశారు. అతను రెండు చేతులూ ఎత్తేశాడు. మంచు అని తను రాయలేదు. నీడ అని కూడా రాయలేదు. యంత్రం రోజంతా కళ్ళు చూసి చూసి, ఇక్కడా ఆ పోచలే దించేసి ఉంటుందని అతని అనుమానం.

"మరి దానికి తెలిసి వేసిందా, తెలియక వేసిందా?" అన్నాడు తమ్ముడు. అక్క పిచ్చికి విసుక్కుంటున్నవాడల్లా ఎప్పుడు ముందుకి జరిగాడో, అతనూ తెరకి జానెడు దూరంలో ఉన్నాడు.

క్లాసులో ఒకోసారి తప్పు లెక్క చేసిన పిల్లకి సరైన జవాబు వచ్చేదని, అప్పుడు మార్కులు వేయాలా వద్దా తనకి ఎప్పుడూ తేలేది కాదని టీచరు చెప్పింది. "మార్కుల సంగతి ఏమో కానీ, నాకు మాత్రం ఇవాళ కొత్త సంగతి తెలిసింది," అంది.

కళ్ళాయన నడవలోకి వచ్చి కూర్చున్నాడు కానీ కుంచె ముట్టుకోలేదు. కుళ్ళుగానే ఉంది, కాదనలేడు. కానీ దాని కింద ఇంకేదో కూడా కదులుతోంది. ఎదురుగా నీళ్ళ గిన్నె, దాని వెనక దాని నీడ. కొత్త దీపం కింద ఆ నీడ ఎటూ కదలడం లేదు. గిన్నె పక్కకి జరిపి, అది ఇంతసేపూ ఉన్న చోట వేలు పెట్టి చూశాడు. చల్లగా ఏమీ లేదు. తనని ఎవరన్నా చూశారేమోనని అటూ ఇటూ చూసుకున్నాడు.

గురువారం పొద్దున మళ్ళీ మెట్ల మలుపు. మామూలు కన్ను పూర్తయిపోవచ్చింది. ఆ రోజు టీచరు పాఠం చెప్పలేదు. కన్ను తీసిన తర్వాత మొదటి నెలలో, టీపొడి చెంచాతో గ్లాసు పక్కన పోసేదాన్నని చెప్పింది. దూరం తెలిసేది కాదు. అన్నిటికంటే, ఎదుటివాళ్ళు తనతో మాట్లాడుతూ ఏ కన్నులోకి చూడాలో తెలియక గడ్డం కేసి చూసేవారట. తమ్ముడు కూడా. మీరొక్కరే రెండు రోజులుగా నా కంట్లోకే చూస్తున్నారు అంది నవ్వుతూ. అది నా పని కదండీ అన్నాడాయన. అంటూనే కుంచె కొసతో ఆ టీ ఆకు మరక పక్కన వెంట్రుకంత మెరుపు పెట్టాడు.

ఆ మధ్యాహ్నమే పళ్ళు బిగించి వేరే లోకాన్నీ పూర్తి చేశాడు. రాగి, నలుపు, ఊదా, లోపల ఏడు పొరలు. పనితనానికి వంక పెట్టడానికి లేదు. ఇన్నేళ్ళలో అంత లోతుగా ఆయన ఏదీ వేయలేదు. స్టూడియో ఇరవై ఎనిమిదో బొమ్మని బిళ్ళ మీద అచ్చువేసి తెచ్చి బల్ల మీద పెట్టాడు. మూడు బిళ్ళల్నీ కళ్ళాయనే గుల్లల్లో పొదిగాడు. యంత్రం బిళ్ళ చేతిలోకి తీసుకున్నప్పుడు కుంచె దానంతటదే వేళ్ళ మధ్యకి వచ్చింది. చాలాసేపు ఆ మంచుగీతల్ని చూశాడు. కుంచె పక్కన పెట్టేసి, ఉన్నది ఉన్నట్టే పొదిగాడు.

శుక్రవారం పదింటికి అందరూ మెట్ల మలుపులోనే చేరారు. ఎవరూ పిలవలేదు, అక్కడ వెలుతురు ఉంది కాబట్టి చేరారు. చిన్న పళ్ళెంలో తడి గుడ్డ మీద మూడు కళ్ళు. టీచరు మొదట కళ్ళాయన లోకం పెట్టుకుంది, అద్దంలో చూసుకుంది. తీసి, యంత్రం లోకం పెట్టుకుంది. తమ్ముడు చూడలేనన్నట్టు తల తిప్పుకుని, మళ్ళీ చూశాడు. చివర మామూలు కన్ను పెట్టుకుని అద్దం వైపు తిరగకుండా తమ్ముడి వైపు తిరిగింది.

అతను ఆవిడ కళ్ళలోకి చూశాడు. ఒక దాన్నుంచి ఇంకో దానికి చూపు మారలేదు, గడ్డం మీదికి జారలేదు. "అక్కా, పొద్దున మందు వేసుకున్నావా?" అన్నాడు. ఆ సందర్భానికి అంతకంటే మాట దొరకలేదు పాపం.

టీచరు ఆ కన్ను అలాగే ఉంచుకుని, పళ్ళెంలోంచి యంత్రం వేసిన కన్ను తీసి డబ్బాలో పెట్టుకుంది. ఈ రెండూ తీసుకెళ్తానంది.

పళ్ళెంలో కళ్ళాయన లోకం మిగిలిపోయింది.

డాక్టరమ్మ తడబడింది. తను పంచిన పని అటుదిటు అయిపోయింది. కళ్ళాయన తడి గుడ్డ అంచు సర్దుతూ నిలబడ్డాడు. అడక్కుండా ఊరుకుందామనుకున్నాడు కానీ, ఊరుకోలేకపోయాడు.

"నా దాంట్లో లోటేమిటో చెప్తారా?"

"లోటేం లేదండి. దాంట్లో అందరూ ఉన్నారు," అంది టీచరు. "దాన్ని పెట్టుకుంటే ఎవరో మంచి మనిషి నా వైపు చూస్తున్నట్టుంది. యంత్రం వేసిన దాంట్లో నాకు ఎవరూ కనపడలేదు. వెళ్ళి చూడాలనిపించింది." తర్వాత ఎడమ కంటి కింద వేలు ఆనించుకుంది. "ఇది మాత్రం యంత్రం వేయలేదు కదా. అది వేసినదాన్ని మంగళవారం పెట్టుకుని చూశాను. నన్ను చూసి దించినట్టుంది కానీ, నన్ను చూసినట్టు లేదు."

తమ్ముడు డబ్బా పట్టుకున్నాడు. ఇద్దరూ మెట్లు దిగారు. ఈసారి అతను ఆవిడకి ఒక మెట్టు ముందు నడిచాడు. డాక్టరమ్మ అక్కడే నిలబడి కిటికీ వెడల్పు జానలతో కొలిచింది. బల్ల ఇక్కడ పట్టొచ్చేమో అంది, ఎవరితోనో తెలియకుండా. చీటీల కట్ట తెప్పించి, ఒకదాని మీద 'యంత్రం' అన్న మాట కొట్టేసి పెన్ను పట్టుకుని ఆగింది. కళ్ళాయన అసలు పేరు ఆవిడకి గుర్తురాలేదు. ఆయన చెప్పాడు. ఆవిడ అక్షరం అక్షరం రాసుకుంది.

గెలిచినట్టా ఓడినట్టా అని ఆయన భోజనాల వేళంతా ఆలోచించాడు. చూసి వేయడం ఇక మీ పని కాదని మూడు నెలలుగా అందరూ అంటున్న చోట అదే నెగ్గింది. ఊహించమన్న చోట ఊహ రాలేదు. మిగిలిన కన్ను జేబులో ఉంది. తీసి చూసుకున్నాడు. అవును, అందరూ ఉన్నారు. నాలుగు రోజులు దీన్ని వేయాలనుకున్నాడు, బాగా వేయాలనుకున్నాడు, ఆ బీరువాకంటే బాగా వేయాలనుకున్నాడు. అక్కడ ఏముంటుందో అని మాత్రం ఒక్కసారీ అనుకోలేదు. బుధవారం నీళ్ళ గిన్నె జరిపిన ఆ ఒక్క నిమిషం తప్ప.

గదిలోకి వెళ్ళాడు. స్టూడియో ఒక్కడే కూర్చుని తుడవక్కర్లేని అద్దాన్ని తుడుస్తున్నాడు. యంత్రం వేసిన మామూలు బిళ్ళ పనికిరాకుండా పోయిందని అతనికీ మనసులో ఉంది. కళ్ళాయనని చూసి లేవబోయాడు.

"కూర్చో. ఆ ఇరవై ఎనిమిదోది ఒకసారి పెట్టు," అన్నాడు కళ్ళాయన. ఇన్నాళ్ళూ మీరు అని కూడా అనని మనిషి ఒక్కసారిగా నువ్వు అనేసరికి స్టూడియో గబగబా బొమ్మ తీశాడు. "ఈ బండ వెనక మంచు ఉంది కదా. అందులో ఏదన్నా బతుకుతోందేమో అడుగు."

స్టూడియో రాశాడు. కాసేపటికి పన్నెండు బొమ్మలు వచ్చాయి. గాజు పురుగులు, ఈకల చేపలు, ముళ్ళ తలలు. కళ్ళాయన అలవాటు కొద్దీ అన్నిటి కళ్ళూ చూశాడు. రెండు కళ్ళవి ఉన్నాయి, ఆరు కళ్ళవి ఉన్నాయి, ఒకదానికి ఒంటి పొడవునా వరసగా ఉన్నాయి. బాగా వేసింది, తడి కూడా కనపడుతోంది.

"వీటికి కళ్ళెందుకు?" అన్నాడు.

"అంటే?"

"ఆ నీడలో వెలుగన్నదే పడలేదు కదా, ఎన్నడూ."

స్టూడియో అవును సుమా అన్నట్టు తలాడించి, కళ్ళు వద్దని రాశాడు. మళ్ళీ అవే పన్నెండు వచ్చాయి. కళ్ళు ఉండాల్సిన చోట నున్నటి చర్మం. ఆ చర్మం కళ్ళాయనకి బాగా తెలుసు. కట్టు విప్పిన మొదటి రోజు ఆయన ముందు కూర్చున్న ప్రతి మొహంలోనూ చూశాడు.

"ఇవి కళ్ళు పోయినవి," అన్నాడు నెమ్మదిగా. "నాకు కావాల్సింది అసలెప్పుడూ లేనివి."

స్టూడియో ఇంకో రెండు రకాలుగా రాసి చూశాడు. రాలేదు. ఎలా చెప్పాలో తనకి తెలియడం లేదన్నాడు. కళ్ళాయన అతని బల్ల మీదున్న చీటీ ఒకటి తిరగేసి, పెన్సిలు తీసుకున్నాడు. పెన్సిలు దానంతటదే కాగితం నడిమధ్యకి వెళ్ళింది. ఏ బొమ్మ మొదలుపెట్టినా ఆయన మొదట పెట్టేది కంటిపాప చుక్కే. పెన్సిలు ఎత్తేశాడు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక కొంతసేపు ఊరికే పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత కాగితం అంచునుంచి వచ్చాడు. మొదట బండ. బండని కరుచుకుని, నేలకి అంటుకుపోయి, పల్చగా పరుచుకున్నది ఏదో. దానికి మొహం లేదు. అంచుల్లో చిన్న చిన్న కుచ్చులున్నాయి. గీస్తూ గీస్తూ దాని బరువు ఎంతుంటుందో, దాన్ని తాకితే వేలికి ఎలా ఉంటుందో అనుకున్నాడు. ఇది ఎవరి లాగానూ లేదు. వెనక్కి వాలి చూసినా లేదు.

స్టూడియో కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. దీనికి ముందేది, వెనకేది అని అడిగాడు. ఇంకా తెలియదన్నాడు కళ్ళాయన.

"మరి మనం వెళ్ళామనుకోండి. వచ్చామని దానికెలా తెలుస్తుంది?"

కళ్ళాయన పెన్సిలు పెట్టేసి, అరచెయ్యి బల్ల మీద పరిచి, దాన్నే చూస్తూ ఆలోచించాడు.

"పక్కన కూర్చుంటే మన ఒంటి వేడి తగులుతుంది కదా," అన్నాడు. "అంత చలిలో అది చాలా ఎక్కువ. కొంచెం ఇటు జరుగుతుంది."

రబ్బరు తీసుకుని, బొమ్మలో ఒకవైపు అంచు చెరిపి, కొంచెం ఇవతలికి జరిపి గీశాడు.